తొంభై ఎనిమిది చెప్పని కబురు

2018 వర్షాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమకు కంటి మీద కునుకు లేకుండా చేసినవి పాములు. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు వైపు పొలాల నుంచి కాటు తిన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి చేరారు. పత్రికల్లో జిల్లా పేజీ తిప్పితే అదే వార్త. ఆ ఆగస్టు నెలాఖరుకు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం జరిగింది. స్వామి ఇక్కడ పాము చుట్టల మీద లింగరూపంలో వెలిశాడు. పుట్టలో పాలు పోయించడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఈ చుట్టుపక్కల సుబ్బారావు, నాగరాజు, నాగమణి లేని వీధి ఉండదు. పామును ఇంత ఆప్యాయంగా కొలిచే నేల మీదే పాముకు ఇంత భయపడడం వింతేమీ కాదు. భయం ఉన్నచోటే కదా మొక్కు.

యాగం సంగతి నమ్మేవారికి వదిలేద్దాం. మనకు కావలసింది ఆసుపత్రి లోపలి సంగతి. వానాకాలం రాత్రి కాటు తిన్న మనిషిని మంచం మీద పడుకోబెట్టారు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, వేలికి పల్స్ ఆక్సిమీటర్. తెర మీద 98 కనిపిస్తోంది. తీసుకొచ్చిన బావమరిది ఆ అంకె చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. కొవిడ్ తర్వాత పల్లెటూళ్లలో కూడా ఆ అంకె అందరికీ తెలుసు. 98 అంటే భయం లేదు, 88 అంటే పరుగెత్తాలి. కాటు వేసింది కట్లపామైతే మాత్రం, 98 అలాగే ఉండగా మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే మన ముందున్న ప్రశ్న పైకి కనిపించినంత తేలిక కాదు. ఆక్సిజన్ పెట్టాక అది ఎవరిలో పనిచేస్తుంది, ఎవరిలో చాలకుండా పోతుంది, చాలదన్న సంగతి ఎన్ని గంటల ముందు పసిగట్టగలం? ఈ మూడో భాగమే అసలైంది. మోపిదేవి నుంచి మచిలీపట్నం ముప్పై కిలోమీటర్ల పైనే ఉంటుంది. విజయవాడ దానికి రెండింతల దూరం. ఎదురుమొండి లాంటి దీవుల వాళ్లయితే ముందు పంటు దాటి గట్టెక్కాలి. వెంటిలేటర్ పక్క గదిలో ఉన్నచోట ముందే పసిగట్టడం వైద్యుడి నేర్పు. వెంటిలేటర్ పక్క ఊళ్లో ఉన్నచోట రోగి బతుకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఊపిరి తీయడంలో రెండు పనులున్నాయి. గాలిని లోపలికి లాగి బయటికి తోయడం మొదటిది. పక్కటెముకల మధ్య కండరాలు, వాటికంటే ముఖ్యంగా ఛాతీకీ పొట్టకీ నడుమ ఉన్న డయాఫ్రం ఆ పని చేస్తాయి. లోపలికొచ్చిన గాలి నుంచి ఆక్సిజన్‌ను రక్తంలోకి దాటించి, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదలడం రెండోది. ఇది ఊపిరితిత్తుల పని. న్యుమోనియాలో, కొవిడ్‌లో చెడేది రెండోది. కట్లపాము, నాగుపాము విషంతో చెడేది మొదటిది. ఆక్సిజన్ వైద్యం రెండుచోట్లా ఓడిపోవచ్చు. కాని ఓడిపోబోతున్నట్టు కనిపించే గుర్తులు రెండుచోట్లా ఒకటి కావు. ఒకదాని గుర్తుల కోసం రెండోదానిలో వెతికితే మోసపోతాం.

98 అంకె ఎలా మోసం చేస్తుందో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. పదో తరగతి పిల్లలూ చేయగల లెక్కే. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. ముక్కులోంచి దిగేసరికి గాలిలో తేమ చేరుతుంది, ఆ నీటి ఆవిరికి 47 పోతే 713 మిగులుతుంది. అందులో ఆక్సిజన్ వాటా నూటికి 21, అంటే 150. ఊపిరితిత్తుల గాలిగదుల్లోకి రక్తం నుంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది, ఆ మేరకు ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడిని 0.8తో భాగిస్తే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఆ ఒత్తిడి 40, కాబట్టి తగ్గేది 50. 150లో 50 పోతే గాలిగదిలో ఆక్సిజన్ 100. వేలి మీది యంత్రం 97, 98 చూపిస్తుంది.

ఇప్పుడు విషం వల్ల కండరాలు సడలాయి, ఊపిరి పైపైన ఆడుతోంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక 80కి చేరింది అనుకుందాం. ఆక్సిజన్ పెట్టలేదు. 80ని 0.8తో భాగిస్తే 100. 150లో అది పోతే గాలిగదిలో మిగిలేది 50. యంత్రం 85కు అటూఇటూ చూపిస్తుంది, అలారం మోగుతుంది, నర్సు పరుగెత్తుకొస్తుంది. ఇదే మనిషికి మాస్కు పెట్టి పీల్చే గాలిలో ఆక్సిజన్‌ను నూటికి 40 చేయండి. 713లో 40 శాతం 285. అందులోంచి అదే 100 తీసేసినా 185 మిగిలింది. తెర మీద 99. అలారం లేదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అదే 80, రక్తం ఆమ్లంగా మారుతోంది, మనిషి మగతలోకి జారుతున్నాడు. అది నూరుకు ఎగబాకినా గాలిగదిలో ఆక్సిజన్ 160 ఉంటుంది, తెర నోరు మెదపదు. ఆక్సిజన్ ఇవ్వడం తప్పని కాదు, ఇచ్చి తీరాలి. ఇచ్చిన క్షణం నుంచి ఆ తెర ఊపిరి సంగతి చెప్పడం మానేస్తుంది. దాని పనల్లా రక్తం రంగు చూడడమే. జపాన్‌లో నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేసిన తకువో అయోయాగి 1974లో కనిపెట్టిన ఆ యంత్రం రక్తంలో ఎర్రదనాన్ని కొలుస్తుంది, గాలి కదలికను కొలవదు.

ఈ పాఠం వైద్యలోకానికి చాలా ఖరీదుగా అబ్బింది. 1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడినవారికి శ్వాస ఆడించడానికి ఒక ఇనుప పెట్టె యంత్రం, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరూ ఉన్నాయి. మొదటి మూడు వారాల్లో వాటి మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. చనిపోయేవారి చర్మం నీలంగా మారలేదు, ఆక్సిజన్ అందుతూనే ఉంది. రక్తంలో బైకార్బనేట్ బాగా పెరిగినట్టు ప్రయోగశాల చెప్పింది. వైద్యులు దాన్ని అంతుబట్టని క్షారత్వం అనుకున్నారు, మెదడులోకి వైరస్ పాకడం వల్లే చనిపోతున్నారని నిర్ధారించుకున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు ఆ అంకెలనే చూసి, అది క్షారత్వం కాదు, బయటికి పోలేక పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ అన్నాడు. ఆ ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలిక గొంతుకు కోత పెట్టి గొట్టం వేసి, రబ్బరు సంచితో గాలి ఊదించి అందరి ముందూ రుజువు చేశాడు. యంత్రాలు లేవు కాబట్టి వైద్య విద్యార్థులను పిలిచారు. దాదాపు పదిహేను వందల మంది వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రాత్రింబవళ్లు సంచులు నొక్కారు. నూటికి ఎనభైకి పైగా ఉన్న మరణాలు సగానికి పడిపోయాయి. ఇవాళ్టి ఇంటెన్సివ్ కేర్ యూనిట్లకు మూలం ఆ వార్డు. దేశదేశాల అంబులెన్సుల్లో ఉండే, చేత్తో నొక్కే అంబు బ్యాగు కూడా ఆ దేశంలోనే, ఆ దశాబ్దంలోనే హెన్నింగ్ రూబెన్ చేతుల్లో పుట్టింది.

దివిసీమ వానాకాలపు రాత్రికీ కోపెన్‌హాగెన్ వేసవికీ మధ్య సముద్రాలున్నాయి గాని, శరీరంలో జరిగేది ఒకటే. కట్లపాము విషంలోని పదార్థం నరం చివర, కండరానికి కబురు పంపే చోటును దెబ్బతీస్తుంది. కాటు పడ్డచోట వాపు ఉండదు, మంట ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనిపించదు. కింద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేస్తాడు. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. ఆ తర్వాత కనురెప్పలు వాలతాయి. దివిసీమలోనే కాదు, వరి పండే ప్రతిచోటా ఈ కథ ఇలాగే నడుస్తుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు చనిపోయినవారు పన్నెండు లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేలు అని 2020లో అచ్చయిన అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి.

పక్షవాతం పైనుంచి కిందికి దిగుతుంది. ఆ వరుస తెలిసినవారికి ఊపిరి ఎప్పుడు ఆగబోతుందో కొంత ముందే తెలుస్తుంది. మొదట రెప్పలు. తర్వాత కనుగుడ్లు కదలవు, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. తర్వాత దవడ, నాలుక, గొంతు: మాట ముక్కుతో వస్తుంది, ఉమ్మి మింగలేక పెదవి మూలనుంచి కారుతుంది. తర్వాత మెడ. పడుకున్న మనిషి తల దిండు మీంచి ఎత్తలేకపోతే, ఇక వరుసలో మిగిలింది డయాఫ్రం. ఇక్కడ వైద్యుడికి కావలసిన పరికరాలు ఖరీదైనవి కావు. కళ్లు, గడియారం, రోగి గొంతు.

గొంతు అంటున్నది ఉత్త మాటకు కాదు. “బాబాయ్, గుండెనిండా గాలి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి రెండు మూడు లెక్కపెట్టు” అని అడుగుతారు. సెకనుకు రెండంకెల చొప్పున ఆరోగ్యవంతుడు యాభై దాకా వెళ్తాడు. ఇరవై దాటలేకపోతే ఊపిరి కండరాల బలం బాగా పడిపోయినట్టు. పదికే ఆగిపోతే ఊపిరి ఆడించడానికి గొంతులోకి గొట్టం వేసే సామగ్రి మంచం పక్కన సిద్ధంగా ఉండాలి. ఈ పరీక్ష బలం ఒకసారి వచ్చిన అంకెలో లేదు, అరగంటకోసారి వచ్చే అంకెల్లో ఉంది. పది గంటలకు 34, పదిన్నరకు 27, పదకొండుకు 19 అయితే, ఆక్సిమీటర్ మూడుసార్లూ 99 చూపించినా సరే, ఆ మనిషి ఊపిరి ఎటు పోతోందో తెలిసిపోయింది. దీనితోపాటు పొట్ట కేసి చూడాలి. మామూలుగా గాలి పీల్చినప్పుడు పొట్ట పైకి లేస్తుంది. డయాఫ్రం సడలితే పీల్చినప్పుడు లోపలికి పోతుంది. చొక్కా తీయించి చూస్తే గాని ఇది కనపడదు. రాత్రిపూట దుప్పటి కప్పిన రోగిలో దీన్ని పసిగట్టినవారెవరూ లేరు.

పాము ఏదన్నదాని మీద కూడా జోస్యం మారుతుంది. నాగుపాము విషం కండరం వైపు ద్వారాన్ని మూసేస్తుంది. విరుగుడు మందు, దానితో నియోస్టిగ్మిన్ అనే మందు పడితే చాలామందిలో గంటల్లో తేరుకోవడం కనిపిస్తుంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది. ఒకసారి పాడయ్యాక విరుగుడు దాన్ని వెనక్కి తిప్పలేదు, నరం తనంతట తాను మళ్లీ చిగురించాలి, దానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ఎవరో ఒకరు, యంత్రమో మనిషో, ఊపిరి ఆడించాలి. ఆడిస్తే ఇంచుమించు పూర్తిగా కోలుకుంటారు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కట్లపాము కాటులో కంటిపాపలు పెద్దవై వెలుగుకు స్పందించకపోవచ్చు, వేలు కూడా కదలకపోవచ్చు, కాని లోపల మనిషికి తెలివి ఉంటుంది, మాటలు వినపడతాయి. మెదడు చచ్చిపోయిందని తొందరపడి చేతులెత్తేయకూడని రోగుల్లో వీరు మొదటివారు.

ఇక రెండో రకం ఓటమి. కండరాలు బాగానే ఉన్నాయి, ఊపిరితిత్తి చెడింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్‌తో ఇది మనందరికీ ఇంటి కబురైంది. ఆ ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై, ఒత్తిడి పడిపోయి, పదకొండు మంది ప్రాణాలు పోయాయి. సరఫరా లేక ఓడిపోవడం వేరు, సరఫరా నిండుగా ఉన్నా ఓడిపోవడం వేరు. మనం మాట్లాడుకుంటున్నది రెండోదాని గురించి.

అప్పట్లోనే ‘హై ఫ్లో’ అనే మాట ఊళ్లలోకి వచ్చింది. మామూలు మాస్కు నిమిషానికి ఆరో పదో లీటర్లు ఇస్తుంది. ఆయాసపడే మనిషి ఒక్కో ఊపిరిని నిమిషానికి 60 లీటర్ల వేగంతో కూడా లాగుతాడు. మాస్కు ఇవ్వలేని మిగతాది చుట్టూ ఉన్న మామూలు గాలి. అంటే ఆయాసం పెరిగేకొద్దీ మాస్కులోని ఆక్సిజన్ పలుచబడుతుంది, ఎంత శాతం అందుతోందో ఎవరికీ తెలియదు. హై ఫ్లో యంత్రం వెచ్చబెట్టి తేమ కలిపిన గాలిని నిమిషానికి 60 లీటర్ల దాకా ముక్కులోకి పంపిస్తుంది, అందులో ఆక్సిజన్ ఎంత శాతం ఉండాలో మనమే పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్, బెల్జియం ఆసుపత్రుల్లో 310 మంది మీద జరిగిన పరిశీలన 2015లో అచ్చయ్యాక ఇది ప్రపంచమంతా పాకింది.

అదే ఏడాది దక్షిణ కొరియా నుంచి ఒక హెచ్చరిక కూడా వచ్చింది. హై ఫ్లో చాలక చివరికి వెంటిలేటర్ మీదికి వెళ్లిన 175 మందిని వెనక్కి తిరిగి పరిశీలించారు. 48 గంటల్లోపు గొట్టం వేసినవారిలో ఐసీయూలో చనిపోయింది నూటికి 39. ఆ తర్వాత వేసినవారిలో 67. ఆలస్యమే చంపిందని ఈ అంకెలు పూర్తిగా రుజువు చేయవు, రెండు గుంపుల జబ్బు తీరు ఒకటి కాకపోవచ్చు. కాని చాలని వైద్యం హాయిగా అనిపిస్తే ప్రమాదం. రోగి మాట్లాడుతుంటాడు, ఇడ్లీ తింటాడు, ఇంట్లోవాళ్లు వెంటిలేటర్ వద్దంటారు, వైద్యుడు ఇంకొంచెం చూద్దాం అంటాడు. ఈలోగా బలంగా ఊపిరి లాగిలాగి ఆ లాగుడుకే ఊపిరితిత్తి మరింత దెబ్బతింటుంది.

ఎప్పటిదాకా చూడవచ్చో చెప్పడానికి బార్సిలోనాలో ఓరియోల్ రోకా, ఆయన సహచరులు 2016లో ఒక సూచిక ప్రతిపాదించి, 2019లో 191 మంది న్యుమోనియా రోగుల మీద మళ్లీ పరీక్షించారు. పేరు రోక్స్. ఆక్సిమీటర్ అంకెను పీల్చే గాలిలోని ఆక్సిజన్ భాగంతో భాగించి, వచ్చినదాన్ని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో ఆ సంఖ్యతో మళ్లీ భాగించాలి. అంతే. రక్తం తీయనక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు.

ఈ లెక్కలోని తెలివి మన రైతుకు వెంటనే తెలుస్తుంది. ఎకరానికి ముప్పై బస్తాలు పండాయన్నంత మాత్రాన సాగు బాగుందని ఏ రైతూ అనడు. ఎరువు ఎంత పోశావు, కూలీలను ఎంతమందిని పెట్టావు అని అడుగుతాడు. ఆక్సిమీటర్ అంకె పంట, ఇచ్చే ఆక్సిజన్ పెట్టుబడి, ఊపిరి వేగం కూలి. పంట ఒక్కటే చూసి మురిసిపోతే అప్పు కనిపించదు.

అంకెలు వేసి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మీరు మామూలు గాలి పీలుస్తూ 98 చూపిస్తున్నారు, నిమిషానికి 16 ఊపిరులు. 98ని 0.21తో భాగిస్తే 467, దాన్ని 16తో భాగిస్తే 29. ఇప్పుడు ఒక న్యుమోనియా రోగి. హై ఫ్లో పెట్టిన కొత్తలో 60 శాతం ఆక్సిజన్ మీద 94, ఊపిరి 24. లెక్క 6.5 వస్తుంది. ఆరు గంటల తర్వాత 94 అలాగే ఉంది. కాని దాన్ని అక్కడ నిలబెట్టడానికి ఆక్సిజన్‌ను 80 శాతానికి పెంచారు, ఊపిరి 36కు చేరింది. లెక్క 3.3. వేలి మీద ఒక్క అంకె కదల్లేదు, రోగి పరిస్థితి సగానికి పడిపోయింది. బార్సిలోనా బృందం గీసిన గీతలివి: రెండు, ఆరు, పన్నెండు గంటలప్పుడు 4.88 గానీ అంతకు మించి గానీ ఉంటే వెంటిలేటర్ అవసరం రాకపోవచ్చు. రెండు గంటలకు 2.85 కంటే, ఆరు గంటలకు 3.47 కంటే, పన్నెండు గంటలకు 3.85 కంటే తక్కువుంటే హై ఫ్లో ఓడిపోయే అవకాశం బాగా ఎక్కువ. గంటలు గడిచేకొద్దీ గీత పైకి జరగడం గమనించారా? తొలి రెండు గంటల్లో రోగికిచ్చే గడువు పన్నెండు గంటలకు ఇవ్వరు.

ఇదంతా చదివి రోక్స్‌ను అన్నిచోట్లా వాడేద్దాం అనుకుంటే చిక్కుల్లో పడతాం. మామూలు మాస్కు మీద ఉన్న రోగిలో ఆక్సిజన్ శాతం ఊహే కాబట్టి, భాగించే అంకే నమ్మకం లేనిది. కట్లపాము కాటులో ఇది ఇంకా ప్రమాదం. కండరాలు సడలినవాడి ఊపిరి వేగం పెరగకపోవచ్చు, అలసిపోయి తగ్గనూవచ్చు. 40 శాతం ఆక్సిజన్ మీద 99, ఊపిరి 14 అయితే లెక్క 17 దాటుతుంది, బ్రహ్మాండంగా ఉందంటుంది. ఆ మనిషి మరో గంటలో ఊపిరి ఆపేయబోతున్నాడు. ఊపిరితిత్తి జబ్బుకు పుట్టిన లెక్కను కండరాల జబ్బుకు వేసినందుకు వచ్చిన ఫలితమిది. ఆక్సిమీటర్ అంకెకూ ఒక లోపముంది. అమెరికాలో 2020లో అచ్చయిన పరిశీలనలో, యంత్రం 92 నుంచి 96 మధ్య చూపించినా నిజానికి రక్తంలో 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవారిలో నూటికి 4 లోపు ఉంటే, నల్లవారిలో 12 దాకా తేలాయి. ఎండలో నాట్లు వేసి నల్లబడ్డ వేళ్లున్న మన డెల్టాలో ఈ మాట గుర్తుంచుకోవలసిందే.

లెక్కలో అన్నిటికంటే బలహీనమైన అంకె మాత్రం మూడోది, ఊపిరి వేగం. దాన్ని కొలిచే యంత్రం మామూలు వార్డుల్లో ఉండదు. మనిషి నిలబడి, రోగి ఛాతీ చూస్తూ, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం ఎవరికీ ఉండదు. అందుకే ప్రపంచవ్యాప్తంగా కేస్ షీట్లలో ఊపిరి వేగం దగ్గర అందరికీ 18, 20 అని రాసి ఉంటుంది. ఏ దేశంలో ఏ ఆసుపత్రికి వెళ్లినా మనుషులంతా ఒకే వేగంతో ఊపిరి తీస్తున్నట్టు కనిపించే వింత ఇది. వెంటిలేటర్లు కొనడానికి చూపించే ఉత్సాహంలో పదో వంతు ఈ నిమిషానికి జీతమివ్వడం మీద చూపిస్తే చాలామంది బతుకుతారని నా అభిప్రాయం.

ఇప్పుడు మళ్లీ మోపిదేవి వైపు రోడ్డుకు వద్దాం. 4.88, 3.47 లాంటి గీతలు గీసిన వార్డుల్లో గొట్టం వేయాలనుకుంటే పది నిమిషాల్లో వేస్తారు. ఆ గీతలు ‘ఇప్పుడు గొట్టం వేయాలా’ అనే ప్రశ్నకు జవాబులు. అవనిగడ్డలోనో చల్లపల్లిలోనో అడగవలసిన ప్రశ్న వేరు: ‘రోగి మచిలీపట్నమో విజయవాడో చేరేసరికి గొట్టం వేయవలసి వస్తుందా?’ రెంటికీ మధ్య రెండు మూడు గంటలున్నాయి. అంబులెన్సు రావాలి, కాగితాలు రాయాలి, బంధువులు డబ్బు సర్దుకోవాలి, రోడ్డు దాటాలి, అవతల మంచం దొరకాలి. మచిలీపట్నంలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి ఆ దూరం రానురాను తగ్గుతుందని ఆశ. కాని ఆ గీతలు గీసిన వార్డుల్లో గొట్టం వేసి తీరాలని చెప్పే అంకె ఇక్కడ బయలుదేరడానికి ఆలస్యమైపోయిన అంకె. 3.47కూ 4.88కూ మధ్య ఉన్నవారిని బార్సిలోనాలో గంటకోసారి చూస్తూ కూర్చోవచ్చు. మన దగ్గర ఆ మధ్యస్థలమే అంబులెన్సు పిలవవలసిన వేళ. పాముకాటు రోగికైతే ఒక్క ఊపిరి లెక్క పదికి పడేదాకా ఆగకూడదు, మెడ బలం తగ్గుతోందనగానే కదలాలి. ఇలా చేస్తే పంపనక్కరలేని కొందరిని కూడా పంపుతాం. ఒక కుటుంబానికి అనవసరపు ఖర్చు, పెద్దాసుపత్రిలో ఒక మంచం వృథా. ఆ తప్పు భరించదగ్గదే.

రోడ్డు మీద సిలిండర్‌ది వేరే లెక్క. అంబులెన్సులో ఉండే చిన్న సిలిండర్‌లో దాదాపు పదిహేను వందల లీటర్లుంటాయి. నిమిషానికి 10 లీటర్లయితే రెండున్నర గంటలు, 15 లీటర్లయితే గంటా నలభై నిమిషాలు. హై ఫ్లోను నిమిషానికి 60 లీటర్ల గాలితో, 60 శాతం ఆక్సిజన్‌తో నడిపితే అచ్చమైన ఆక్సిజన్ నిమిషానికి ముప్పై లీటర్లు కావాలి. చిన్న సిలిండర్ యాభై నిమిషాలకు ఖాళీ. ఏడు వేల లీటర్ల పెద్ద సిలిండర్ నాలుగు గంటలు కూడా రాదు. కాబట్టి హై ఫ్లో మీద బాగున్న రోగిని దారిలో మామూలు మాస్కు మీదికి మార్చవలసి వస్తుంది. అంటే వార్డులో వేసిన రోక్స్ రోడ్డు మీద చెల్లదు. బయలుదేరే ముందు అరగంట సేపు మాస్కు మీదే ఉంచి, ఊపిరి వేగం ఎంత పెరిగిందో చూసి, తట్టుకోలేడనిపిస్తే ఇక్కడే గొట్టం వేసి అంబు బ్యాగుతో తీసుకెళ్లడం మేలు. కట్లపాము రోగికి సిలిండర్ బెంగ తక్కువ, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కాబట్టి బ్యాగులోకి మామూలు గాలి వచ్చినా చాలావరకు సరిపోతుంది. నొక్కే చెయ్యి ఆగకూడదు, అంతే. అయిదారు సెకన్లకొకసారి, ఛాతీ లేచేంత మేర. మరీ వేగంగా నొక్కితే రక్తపోటు పడిపోతుంది.

పెద్దాసుపత్రికి రాసే చీటీ చాలాసార్లు రెండే మాటలతో వెళ్తుంది: ‘ఆయాసం, ఆక్సిజన్ మీద 96’. అవతల అందుకున్న వైద్యుడికి దానివల్ల తెలిసేది దాదాపు ఏమీ లేదు. న్యుమోనియా రోగికి మూడు అంకెలూ, అవి తీసిన వేళా కావాలి: రాత్రి 9 గంటలకు 60 శాతం మీద 94, ఊపిరి 26, 11 గంటలకు 70 శాతం మీద 94, ఊపిరి 32. 6 నుంచి 4.2కు జారిందని ఫోను పెట్టేలోపు ఆయన లెక్కగట్టుకుంటాడు. పాముకాటు రోగికైతే ఆక్సిజన్ అంకె చివర రాసినా పర్వాలేదు. ముందు రాయవలసినవి రెప్పలు వాలిన వేళ, విరుగుడు ఎన్ని సీసాలు ఏ వేళకు ఎక్కించారన్నది, ఉమ్మి మింగుతున్నాడా, తల ఎత్తగలుగుతున్నాడా, ఒక్క ఊపిరిలో అరగంటకోసారి ఎంతదాకా లెక్కపెట్టాడు అన్నవి. ఆ చీటీ చూసిన ఐసీయూలో రోగి గుమ్మం దాటేలోపు వెంటిలేటర్ సిద్ధమవుతుంది.